భూమిలో గ్యాస్ ఉంటే డబ్బు ఉన్నట్టేనా?

గ్యాస్ బావుల లాభనష్టాలు లెక్కగట్టడం నా పని. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా సరిగ్గా పారని బావులే. వాటి గురించి తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: నిల్వ పెద్దదైతే లాభమూ పెద్దదే.

వాస్తవం: గ్యాస్ ఎంత ఉందన్నదాని కన్నా ఎంత త్వరగా పైకొస్తుందన్నదే ముఖ్యం. రాయి గ్యాస్‌ను ఎంత తేలిగ్గా కదలనిస్తుందో మిల్లీడార్సీల్లో కొలుస్తాం. మంచి ఇసుకరాయిలో అది వందల్లో కూడా ఉంటుంది. 0.1 కంటే తగ్గితే టైట్ గ్యాస్ అంటాం. ఖర్చులో పెద్ద భాగం బావి తవ్వేటప్పుడే అయిపోతుంది, రాబడి మాత్రం ఏళ్ల తరబడి కొసరికొసరి వస్తుంది. ఆలస్యంగా వచ్చే డబ్బు విలువను ఏడాదికింత అని తగ్గించి లెక్కగట్టే రేటును డిస్కౌంట్ రేటు అంటాం. అది ఏడాదికి 10 శాతం వేస్తే, పదేళ్ల తర్వాత చేతికొచ్చే 100 రూపాయలు ఇవాళ్టి 39 రూపాయలతో సమానం. 20 ఏళ్ల తర్వాతైతే 15 రూపాయలే. అందుకే రిపోర్టు చేతికి రాగానే నేను నిల్వల పేజీ వదిలేసి మొదటి మూడేళ్ల ఉత్పత్తి పేజీ తీస్తాను.

అపోహ: రాయిని గట్టిగా పగలగొడితే చాలు.

వాస్తవం: అదీ చేసి చూశారు. 1967లో అమెరికాలోని న్యూమెక్సికోలో ‘గ్యాస్‌బగ్గీ’ పేరుతో భూమి లోపల 29 కిలోటన్నుల అణు విస్ఫోటనం జరిపారు. గ్యాస్ వచ్చింది, దాంతోపాటు రేడియోధార్మికతా వచ్చింది. ఇక కొనేదెవరు? ఇప్పుడు నీళ్లూ ఇసుకా ఒత్తిడితో పంపి, బావి పొడవునా దశలవారీగా రాయిని పగలగొడతాం, దీన్నే ఫ్రాకింగ్ అంటాం. దశలు మరీ దగ్గరైతే కొత్త పగులు పక్క పగులుకు రావాల్సిన గ్యాస్‌నే లాక్కుంటుంది. ఖర్చు మాత్రం ప్రతి దశకూ పడుతుంది.

అపోహ: మొదటి నెల బాగా వస్తే బావి మంచిదే.

వాస్తవం: తొందరపడొద్దు. మొదట వచ్చేది పగుళ్లలో, వాటి పక్కనే ఉన్న గ్యాస్. ఏడాది తిరిగేసరికి సగానికి పైగా పడిపోవడం మామూలే.

అపోహ: పెట్టుబడి తిరిగొచ్చాక ఇక అంతా లాభమే.

వాస్తవం: అసలు తలనొప్పి అప్పుడే మొదలు. ప్రవాహం మందగిస్తే గ్యాస్‌కు నీటిని పైకి మోసుకొచ్చే వేగం ఉండదు. ఆ నీరు బావి అడుగున నిలిచి గ్యాస్‌కే అడ్డుపడుతుంది. అప్పుడు ప్లంజర్ దింపుతాం. ఇనుప కడ్డీ లాంటి ఆ పరికరం కింద గ్యాస్ ఒత్తిడి పెరగ్గానే నీటిని నెట్టుకుంటూ లేచి, బావి తలకాయ దగ్గర ‘ఠంగ్’మని తగులుతుంది. ఆ చప్పుడు రావాల్సిన టైమ్‌కి రాలేదంటే ఆపరేటర్‌కు టెన్షనే. పైకొచ్చిన నీటిని వదిలించుకోవడానికీ, గ్యాస్‌ను పైపులైన్‌లోకి నెట్టే కంప్రెసర్‌కూ డబ్బు పోస్తూనే ఉండాలి.

అపోహ: పెట్టుబడి రాదని తేలిన బావిని వెంటనే మూసేయాలి.

వాస్తవం: పోయిన డబ్బు మూసినా రాదు. ఈ నెల గ్యాస్ అమ్మిన డబ్బు ఈ నెల నడిపే ఖర్చును దాటుతోందా లేదా, అంతే చూడాలి. దాటుతుంటే నడపనివ్వండి. మూసేటప్పుడు లోపల సిమెంటు పోయడానికీ ఖర్చుంది, దాన్ని నాలుగేళ్లు వాయిదా వేసినా నా లెక్కలో అది రాబడి కిందే పడుతుంది.