‘ఇదే ఆఖరి మాట’: చీనీ బేరంలో అపోహలు – వాస్తవాలు

“టన్ను ఇరవై వేలన్నా, ఇంగ పైసా పెరగదు. సాయంత్రం లోపల చెప్పు.” అనంతపురం చుట్టుపక్కల చీనీ (బత్తాయి) కాయ కోతకొచ్చిన తోటల్లో వ్యాపారి నోట రైతుకు ఇలాంటి మాట వినబడుతూనే ఉంటుంది.

అపోహ: ఆఖరి మాట అన్నాక ఇంక బేరం లేదు.
వాస్తవం: వ్యాపారి తేల్చి చెప్పింది రేటు ఒక్కటే. సూటు (డబ్బు కట్టకుండా తూకంలోంచి తగ్గించే బరువు), కోత తేదీ, బయానా (అడ్వాన్సు), మిగతా డబ్బు చేతికొచ్చే రోజు గురించి ఏమీ అనలేదు. పది టన్నుల కాయ ఉందనుకోండి. టన్నుకు 100 కిలోల సూటు తీస్తే డబ్బు లెక్కకట్టేది 9 టన్నులకే: 1,80,000. సూటు 50 కిలోలకు దిగితే 1,90,000. రేటు కదలకుండానే పది వేలు. పాత సూటుతో అంత రావాలంటే టన్ను 21,100 పైన పలకాలి. పైగా వ్యాపారి పరువూ నిలబడుతుంది. అన్న మాట వెనక్కి తీసుకోమంటేనే మొండికేస్తాడు.

అపోహ: గట్టిగా చెబితే ఎదుటివాడు దిగొస్తాడు.
వాస్తవం: గొంతుతో పని లేదు. అతను కాదంటే మీరేం చేస్తారన్నదే అసలు సంగతి. మార్కెట్ యార్డు ధరలోంచి సూటు, కోత కూలి, బండి బాడుగ, హమాలీ, తరుగు తీసేయండి. ఇక్కడి 20 వేలలోంచీ సూటు తీసి పోల్చండి. యార్డు లెక్కే తక్కువైతే ‘యార్డుకు తోలుకుంటా’ అన్న మీ బెదిరింపు ఉత్తదే. ఎక్కువైతే అనొచ్చు గానీ, కోత మనుషుల్ని, బండిని ముందే మాట్లాడుకోవాలి. మాగిన కాయ చెట్టున ఆగదు, రాలుతుంది. ఆ సంగతి వ్యాపారికి బాగా తెలుసు.

అపోహ: గడువు ఎంత తక్కువైతే అంత మంచిది.
వాస్తవం: కుదరని గడువు పెడితే మీరే పొడిగించాల్సి వస్తుంది, ఆ తర్వాత మీ గడువును ఎవరూ లెక్కచేయరు. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులు మూత. అలాంటి వారంలో శుక్రవారం రాత్రి పిలిచి ఆదివారానికి నగదు కావాలంటే వ్యాపారి ఎక్కడ తెస్తాడు? ఇలా చెప్పండి: “మంగళవారం మధ్యాహ్నం రెండింటి లోపల 50 వేలు బయానా ఇస్తే తోట మీది. లేదంటే బుధవారం పొద్దున కాయ యార్డుకు తోలుతాం.” ఎంత, ఎప్పటికి, లేకుంటే ఏమిటి, మూడూ వచ్చాయి. (భూమి అగ్రిమెంట్ల దారి వేరు. గడువు దాటినంత మాత్రాన ఒప్పందం పోయినట్టు కోర్టులు మామూలుగా చూడవు. నోటీసు ఇవ్వకుండా ఇంకొకరికి రాసివ్వకండి.)

అపోహ: జవాబు రాకుంటే ఒప్పుకున్నట్టే.
వాస్తవం: కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పుకోలు షరతుల్లేకుండా ఉండాలి, ఎదుటివారికి తెలియాలి. “సరే గానీ 21 వేలు చెయ్యి” అన్నా అది కొత్త బేరమే. తర్వాత మీరు పాత 20 వేలకే వస్తానన్నా అతను ఒప్పుకోవాలని లేదు. అందుకే సూటు సంగతి షరతుగా పెట్టకుండా ప్రశ్నగా అడగండి: “సూటు యాభైకి వచ్చే వీలుందా అన్నా?”