కలం పేరు వెనుక ఇంటిపేరు

కథల పోటీకి గానీ, వారపత్రికకు గానీ రచన పంపేవారు దానికి ఒక హామీపత్రం జతచేయడం మన పత్రికల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఈ కథ నా సొంతమనీ, దేనికీ అనువాదమో అనుసరణో కాదనీ, మరే పత్రిక పరిశీలనలోనూ లేదనీ రాసి, కింద సంతకం పెట్టి, చిరునామా, ఫోన్ నంబరు ఇవ్వాలి. ఒక పత్రికలో కొన్నేళ్ళు కథలు చూసే పని చేసిన నాకు, ఆ కాగితాల్లో ఎక్కువగా గుర్తుండిపోయినవి అడుగున మరో ముక్క చేర్చినవి: "దయచేసి నా కలం పేరు మాత్రమే ప్రచురించగలరు." కొన్నిటిలో ఆ వాక్యం ఒకసారి రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి ఉండేది. పేజీ అచ్చుకు వెళ్ళే సాయంత్రం ఫోన్ చేసి పేరు మార్చమన్నవారున్నారు, మార్చిన పేరు తీసేసి అసలు పేరే వేయమన్నవారూ ఉన్నారు. ఆ తటపటాయింపును మనిషి పిరికితనంగా చూడడం నాకెన్నడూ సబబుగా తోచలేదు. అలా ఊగిసలాడడానికి తెలుగు రచయితకు ఉన్న కారణాలు చాలా పాతవి.

తెలుగువారి పేరులో ముందు నిలిచేది ఇంటిపేరు. అది చాలాసార్లు ఒక ఊరి పేరు అయి ఉంటుంది, తెలిసినవారికి కులం ఆనవాలు కూడా అవుతుంది. పేరు చివర వచ్చే శాస్త్రి, రెడ్డి, చౌదరి వంటి మాటలు మిగిలిన అనుమానం తీర్చేస్తాయి. కథలో మొదటి వాక్యం చదవకముందే ఈ రాసినవారు ఎవరింటివారో, ఏ జిల్లావారో, ఎవరి తరఫున మాట్లాడబోతున్నారో పాఠకుడు ఒక అంచనాకు వచ్చేస్తాడు. అందువల్ల మన దగ్గర కలం పేరు పెట్టుకున్నవారిలో చాలామంది నిజానికి ఇంటిపేరును గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చినవారే. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఆ సంగతి.

అచ్చుయంత్రం రాకముందు ఈ ప్రశ్న ఇంకో రూపంలో ఉండేది. పదకర్తలూ వాగ్గేయకారులూ రచన చివర ముద్ర వేసేవారు. అన్నమయ్యకు వేంకటేశ్వరుడి పేరు ముద్ర అయితే, క్షేత్రయ్య పదాల్లో మువ్వగోపాలుడు కనిపిస్తాడు. రాసినవాడి పేరు ఉండవలసిన చోట దేవుడి పేరు నిలిచింది, అయినా ఆ పదం ఎవరిదో వినేవారికి తెలిసేది. శతక మకుటం కూడా అటువంటి ఆనవాలే. అయితే "విశ్వదాభిరామ వినురవేమ" అన్న మకుటం ఎంత బలంగా నాటుకుపోయిందంటే, తరవాతి కాలాల వారు తాము కట్టిన పద్యాలను కూడా దాని కిందే వదిలేశారని పండితులు భావిస్తారు. పేరు లేని ఎందరో కవులు వేమన పేరులో కలిసిపోయారు. ఆ పద్యాలకు వారు కోరుకున్నది తమ పేరు కంటే బరువైన పేరు.

అచ్చు వచ్చాక రచయిత పేరుకు చట్టంతో సంబంధం ఏర్పడింది. 2024లో కొత్త చట్టం వచ్చేదాకా అమల్లో ఉన్న 1867 నాటి ప్రెస్సు, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం ఈ దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరూ, అచ్చయిన స్థలమూ ఉండవలసి వచ్చేది. రచయిత పేరు మార్చుకోవచ్చు గానీ, ప్రెస్సు యజమానికి ఆ వెసులుబాటు ఉండేది కాదు. 1908లో బెజవాడ "స్వరాజ్య" పత్రికలో వచ్చిన రాతకు సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకు వెళ్ళారు. కలం పేరుతో రాసేవారు ఎవరైనా మరిచిపోకూడని విషయమిది: మనం దాచుకున్న పేరు తాలూకు బరువును మరొకరు, సాధారణంగా సంపాదకుడో ప్రచురణకర్తో, మోస్తూ ఉంటారు.

దీనికి పూర్తిగా ఎదురైన ఘట్టం ఒకటి హైదరాబాదు రాజ్యంలో జరిగింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం, అంటే సున్న, అన్న ఒక వ్యాఖ్యకు జవాబుగా, గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి 1934లో "గోలకొండ కవుల సంచిక"ను వెలువరించారు. అందులో 354 మంది కవులున్నారు. సందర్భాన్ని బట్టి మారుపేర్లతో కూడా రాసిన ప్రతాపరెడ్డి, ఆ సంచికలో మాత్రం పేర్లనే సాక్ష్యంగా నిలబెట్టారు. మీరు లేరు అన్నవారికి ఊరూ పేరూ చెప్పడమే సమాధానం. ఉనికినే ఎవరైనా కాదన్నప్పుడు కలం పేరు అక్కరకు రాదని ఆ సంచిక చెబుతుంది. తరవాతి కాలంలో దళిత, ముస్లిం రచయితల్లో అనేకులు తమ సొంత పేరుతోనే రాయాలని పట్టుబట్టడం వెనుక కూడా ఇదే తర్కం ఉంది.

కలం పేర్ల జాబితా అనగానే చాలామందికి గుర్తుకొచ్చేవి శ్రీశ్రీ, చాసో, కొకు, కారా వంటి పొట్టి పేర్లు. వీటిలో దాపరికమేమీ లేదు. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీగా, చాగంటి సోమయాజులు చాసోగా, కొడవటిగంటి కుటుంబరావు కొకుగా, కాళీపట్నం రామారావు కారాగా కుదించుకుపోవడంలో ఆత్మీయత ఉంది, చెవికి ఇంపు ఉంది, ఇంటిపేరు ఒక్క అక్షరంగా కరిగిపోయిన సౌలభ్యమూ ఉంది. భాగవతుల సదాశివశంకరశాస్త్రి ఆరుద్ర అయినప్పుడు మాత్రం ఇంటిపేరూ, శాస్త్రీ రెండూ పోయి ఒక నక్షత్రం మిగిలింది. అది ఇంకొంచెం దూరం వేసిన అడుగు.

శారద సంగతి వీటన్నిటికంటే వేరు, నన్ను ఎప్పుడూ ఆపి కూర్చోబెట్టే సంగతి. ఎస్. నటరాజన్ పుట్టింది తమిళనాట, పుదుక్కోటలో. పొట్ట చేతబట్టుకుని చిన్నతనంలోనే తెనాలి చేరి, హోటళ్ళలో సర్వరుగా పనిచేస్తూ, చుట్టూ వినబడే తెలుగును నేర్చుకుని, ఆ తెలుగులోనే కథలూ నవలలూ రాశారు. మూర్ఛ వ్యాధి, అప్పులు, పస్తులు వెంటాడుతుండగానే "మంచీ చెడూ", "అపస్వరాలు" వంటి నవలలు వెలువడ్డాయి. 1955లో, ముప్పయ్యేళ్ళు దాటీ దాటకముందే ఆయన చనిపోయారు. పత్రికలో శారద అన్న పేరు చూసి ఆ కథ చదివిన పాఠకులు ఆ రాసినవారిని ఒక ఇల్లాలిగానో, చదువుకున్న యువతిగానో ఊహించుకుని ఉండవచ్చు. తమకు కాఫీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, ఎంగిలి బల్ల తుడిచి వెళ్ళిన కుర్రవాడు ఆ రచయిత అయి ఉంటాడని తెనాలి హోటల్లో కూర్చున్నవారిలో ఎందరికి తట్టి ఉంటుంది? నటరాజన్ అన్న పేరు ఇతను మనవాడు కాదని చెప్పేది. సర్వరు అన్న వృత్తి ఇతను రచయిత కాదని చెప్పేది. శారద అన్న మూడక్షరాలు ఆ రెండిటినీ పక్కకు జరిపి కథను ముందు నిలబెట్టాయి.

మగవారు ఆడపేరుతో రాయడం తరవాతి దశాబ్దాల్లో ఒక ధోరణిగా కూడా సాగింది. వారపత్రికల సీరియళ్ళలో రచయిత్రుల నవలలు వెల్లువెత్తిన కాలంలో ఆడపేరుకు ఆదరణ ఎక్కువన్న నమ్మకం రచయితల్లోనూ ప్రచురణకర్తల్లోనూ బలపడింది. "లల్లాదేవి"గా చారిత్రక నవలలు రాసినది పరుచూరి నారాయణాచార్యులు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో "పురాణం సీత" పేరుతో వచ్చిన "ఇల్లాలి ముచ్చట్లు" రాసినది పురాణం సుబ్రహ్మణ్య శర్మ. ఇల్లాలి గొంతులో చెప్పిన ఆ ముచ్చట్లకు ఆ పేరు శైలిలో భాగమైపోయింది, మగపేరుతో అవి అంత చనువుగా పలికేవి కావు. స్త్రీల విషయంలో ఈ లెక్క వేరు. బసవరాజు రాజ్యలక్ష్మమ్మ "సౌదామిని" అన్న పేరుతో రాశారు. బసవరాజు అప్పారావు వంటి పెద్ద కవి ఇంట్లో, ఆయన భార్యగా తెలిసిన మనిషి తన పద్యానికి తనదంటూ ఒక పేరు కోరుకోవడం నాకు చాలా సహజంగా కనిపిస్తుంది. పోపూరి లలితకుమారి ఓల్గాగా 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకునే నాటికి ఆ పేరు వెనుక మరో పేరుందన్న ధ్యాస కూడా చాలామంది పాఠకులకు లేదు. పుట్టింటి పేరు, అత్తింటి పేరు అని రెండుసార్లు ఇతరులు పేరు నిర్ణయించే చోట, మూడో పేరు స్త్రీ స్వయంగా పెట్టుకున్న మొదటి పేరవుతుంది.

ఉద్యోగం చేస్తూ రాసేవారికి ఉన్న ఇబ్బంది ఇంకా సూటిగా ఉంటుంది. బీనాదేవి కథల్లో కోర్టులూ, కచేరీలూ, లంచాలూ, న్యాయం పేరుతో సాగే అన్యాయమూ అంత దగ్గరగా కనిపించడానికి కారణం ఉంది. ఆ పేరుతో రాసినవారు భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతులు. ఆయన న్యాయమూర్తిగా పనిచేసినవారు. కోర్టు హాలులో ఎత్తు కుర్చీ మీద కూర్చునే మనిషి అదే కోర్టు గురించి కథ రాయడం, దానికింద తన పేరు వేసుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. ప్రభుత్వోద్యోగి మారుపేరుతో రాస్తే ఇబ్బంది ఉండదని చాలామంది ఇప్పటికీ నమ్ముతారు. 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళిలో తొమ్మిదో నియమం ఈ దారిని ముందే మూసింది. సొంత పేరుతో గానీ, పేరు లేకుండా గానీ, మారుపేరుతో గానీ, మరొకరి పేరుతో గానీ ప్రభుత్వ విధానాలను ప్రతికూలంగా విమర్శిస్తూ ఏదీ ప్రచురించరాదని అది స్పష్టంగా అంటుంది. కలం పేరు పై అధికారి కంటబడకుండా కొంతకాలం ఆపవచ్చు. కంటబడ్డాక అది రక్షణగా పనికిరాదు. సాహిత్య రచనకూ విధాన విమర్శకూ మధ్య ఉన్న గీత ఎక్కడుందన్నదే అసలు సమస్య, కథ రాసేవారికి ఆ గీత ఎప్పుడూ మసకగానే కనిపిస్తుంది.

ఇంటిపేరు మీద తిరుగుబాటుగా కలం పేరును ఎత్తిపట్టినవారు దిగంబర కవులు. 1965 మే నెలలో ఒక అర్ధరాత్రి హైదరాబాదు ఆబిడ్స్‌లో రిక్షా తొక్కే నాంపల్లి పాండు చేతుల మీదుగా వారి మొదటి సంపుటం వెలువడింది. మానేపల్లి హృషీకేశవరావు నగ్నముని అయ్యారు, కుంభం యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయ్యారు, వీరవెల్లి రాఘవాచార్యులు జ్వాలాముఖి అయ్యారు, బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యారు, కమ్మిశెట్టి వెంకటేశ్వరరావు మహాస్వప్న అయ్యారు, మన్‌మోహన్ సహాయ్ భైరవయ్య అయ్యారు. ఈ వరసను ఒకసారి పైకి చదివి చూస్తే ఏమి రాలిపోయిందో తెలుస్తుంది: రావు, రెడ్డి, ఆచార్యులు. వారాలకూ రుతువులకూ కూడా కొత్త పేర్లు పెట్టిన ఆ ఆరుగురికి, పేరు మార్చుకోవడం కవిత్వం మొదలుపెట్టడానికి ముందు చేయవలసిన పని. తమ అసలు పేర్లను వారు రహస్యంగా ఉంచుకోలేదు. 1971లో ముందస్తు నిర్బంధ చట్టం కింద చెరబండరాజు, జ్వాలాముఖి, నిఖిలేశ్వర్‌లను అరెస్టు చేయడానికి ప్రభుత్వానికి పేర్లు అడ్డం రాలేదు.

అదే దారిలో ఇంకా ముందుకు వెళ్ళినవారు వడ్డెర చండీదాస్. తిరుపతిలో తత్త్వశాస్త్రం బోధించిన చెరుకూరి సుబ్రహ్మణ్యేశ్వరరావు, ఇంటిపేరు ఉండవలసిన చోట రాళ్ళు కొట్టి బతికే ఒక కులం పేరును ఉంచుకుని "హిమజ్వాల", "అనుక్షణికం" రాశారు. ఇంటిపేరు వదలడం ఒక సంగతి, దాని స్థానంలో సమాజం కిందికి నెట్టిన పేరును కోరి తెచ్చుకోవడం మరొక సంగతి. అజ్ఞాత జీవితంలోకి వెళ్ళిన కె.జి. సత్యమూర్తికి శివసాగర్ అన్న పేరు అవసరమే అయినా, బయటికి వచ్చాక కూడా కవిగా ఆయన ఆ పేరుతోనే మిగిలారు.

కోరుకోకుండానే పేరు పోగొట్టుకున్నవారి గురించి కూడా చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. 1947లో మొదలైన పిల్లల మాసపత్రిక చందమామలో సీరియళ్ళకు రచయిత పేరు వేసే అలవాటు ఉండేది కాదు. "తోకచుక్క", "మకరదేవత", "జ్వాలాద్వీపం" చదివి పెరిగిన తరానికి అవి రాసినది దాసరి సుబ్రహ్మణ్యం అని తెలియడానికి దశాబ్దాలు పట్టింది, అదీ అభిమానులు పట్టుబట్టి వెతికి వెలికితీసిన తరవాత. కలం పేరు రచయిత ఎంపిక, పేరు వేయకపోవడం సంస్థ ఎంపిక. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇవాళ కలం పేరు పెట్టుకోవాలా వద్దా అని ఆలోచించేవారికి పారితోషికం చిక్కు కూడా ఉంది. డబ్బు బ్యాంకు ఖాతాకు వెళుతుంది, ఖాతా అసలు పేరు మీదే ఉంటుంది, కనుక పత్రికలో కనీసం ఒకరికైనా రెండు పేర్లూ తెలిసి తీరాలి. అంతకంటే ముఖ్యమైనది హక్కుల సంగతి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సొంత పేరుతో వచ్చిన రచనకు హక్కులు రచయిత జీవితకాలమూ, ఆ తరవాత 60 ఏళ్ళూ ఉంటాయి. మారుపేరుతో వచ్చిన రచనకు ఆ 60 ఏళ్ళ లెక్క ప్రచురణ జరిగిన మరుసటి సంవత్సరం నుంచే మొదలవుతుంది. అయితే ఆ గడువు ముగిసేలోగా రచయిత ఎవరో వెల్లడైతే, మళ్ళీ మరణానంతరం 60 ఏళ్ళ లెక్కే వర్తిస్తుంది. పాతికేళ్ళ వయసులో కలం పేరుతో కథ అచ్చువేయించుకున్న మనిషి ఎనభై అయిదేళ్ళు దాటి బతికితే, ఆ పేరు తనదేనని ఎక్కడా వెల్లడి చేయని పక్షంలో, తాను బతికుండగానే ఆ కథ మీద హక్కు పోగొట్టుకోవచ్చు.

అందుకే నన్ను అడిగినవారికి ఒక చిన్న పని చేయమని చెబుతూ వచ్చాను. ఏ పేరుతో అయినా రాయండి, కానీ హామీపత్రం నకలు ఒకటి తీసి, అసలు పేరూ కలం పేరూ రెండూ ఉన్న ఆ కాగితాన్ని తేదీ వేసి ఇంట్లో భద్రపరచండి. నరసింగరావు 1990లో మరణించాక కూడా త్రిపురసుందరమ్మ బీనాదేవిగానే రాశారు. ఆ పేరులో ఎవరి వాటా ఎంతో, ఇద్దరిలో ఎవరు ఏ కథ రాశారో తెలుసుకోవాలని పాఠకులు అడుగుతూనే వచ్చారు.