పెట్టెకు రాని గమకం

మహబూబ్‌నగర్ నుంచి ఇంటర్ చదివే ఒక అబ్బాయి అడిగాడు: "సర్, పది రంధ్రాల మౌత్ ఆర్గాన్ కొన్న. అన్నీ మంచిగనే పలుకుతున్నయ్. రెండో రంధ్రంల గాలి లోపలికి గుంజితే మాత్రం గొంతు వట్టుకున్నట్టు మూలుగుతది. పీసు డిఫెక్టా? వాపస్ ఇయ్యాల్నా?"

వాపసు ఇవ్వొద్దు. ఆ మూలుగు వెనక ఏం జరుగుతోందో తెలిస్తే ఈ వాయిద్యం గుట్టు సగం తెలిసినట్టే.

చిన్నప్పుడు దేవరకొండ వైపు మా ఊళ్లో శనివారం భజనలుండేవి. హార్మోనియం వాయించే సారును ఒకసారి అడిగాను, పాడేవాళ్ల గొంతు జారినట్టు ఇదెందుకు జారదని. "పెట్టెకు గమకం రాదు బిడ్డా. అది మెట్టు మీద మెట్టే దుంకుతది. జారుడు మన గొంతుతోటే తెచ్చుకోవాలె" అన్నాడు. ఆల్ ఇండియా రేడియో 1940లో హార్మోనియంను నిషేధించడానికి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. ఆ నిషేధం 1971 దాకా నడిచింది. తమాషా ఏమిటంటే, ఆ పెట్టెలో ఉండేదీ మౌత్ ఆర్గాన్‌లో ఉండేదీ ఒకే రకం రీడు. అయినా ఇది జారుతుంది, అది జారదు. ఎందుకు?

డాక్టరు గదికో, బ్యాంకు మేనేజరు క్యాబిన్‌కో ఉండే స్ప్రింగు హాఫ్ డోర్ చూసే ఉంటారు. తోస్తే చట్రం దాటి అవతలికి పోతుంది, స్ప్రింగు లాగితే ఇవతలికి వస్తుంది, కాసేపు అటూ ఇటూ ఊగుతుంది. రీడు అచ్చం అలాంటి తలుపే. సన్నటి ఇత్తడి రేకు, ఒక కొసన రివెట్ కొట్టి ఉంటుంది, రెండో కొస ఖాళీ. దాని కింద సరిగ్గా అది పట్టేంత చీలిక. ఊదితే గాలి రేకును చీలికలోకి తోస్తుంది, దారి మూసుకుపోతుంది. రేకు తన బిగువుకొద్దీ వెనక్కి వస్తుంది, దారి మళ్లీ తెరుచుకుంటుంది. గాలి ముక్కలు ముక్కలుగా తెగి బయటికొస్తుంది. మనం వినేది ఆ తెగిన గాలినే. రీడును గుండుసూదితో మీటి చూడండి, సన్నగా టింగుమంటుందంతే.

తలుపు బరువు, స్ప్రింగు బిగువు ఎంతో, ఊగే వేగం అంత. సి శ్రుతి మౌత్ ఆర్గాన్‌లో ఒకటో రంధ్రం ఊదితే సెకనుకు దాదాపు 262 సార్లు ఊగుతుంది. కొస దగ్గర కాస్త గీకితే తలుపు తేలికై స్వరం పెరుగుతుంది. రివెట్ దగ్గర గీకితే స్ప్రింగు వదులై స్వరం తగ్గుతుంది. కొత్త పీసు మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు, నేనొకటి చెడగొట్టుకున్నాను.

హార్మోనియంలో గాలి ఒక్క దిక్కుకే పోతుంది. రీడుకు ఎదురు రీడు లేదు. తిత్తికి నాలుకా లేదు. మౌత్ ఆర్గాన్‌లో ప్రతి రంధ్రమూ రెండు తలుపులున్న గది. ఊదితే ఒకటి పలుకుతుంది, పీలిస్తే ఇంకొకటి. నాలుగో రంధ్రం చూడండి: ఊదితే స, సెకనుకు 523 ఊపులు. పీలిస్తే రి, 587. పీల్చేటప్పుడు గాలి రి తలుపును చట్రంలోకి లాగుతుంది, స తలుపునేమో చట్రానికి దూరంగా వారగా తెరుస్తుంది. మామూలుగా ఆ రెండోది ఊరికే ఉంటుంది. ఇప్పుడు పీలుస్తూనే నోట్లో "ఈ" నుంచి "ఊ"కు మారండి. నాలుక వీపు వెనక్కి జరుగుతుంది. (వాయించేవాళ్లను ఎంఆర్ఐలో పడుకోబెట్టి మరీ చూశారు.) నోటి లోపలి గాలికీ ఒక సొంత ఊపు ఉంటుంది, నాలుక జరిగేసరికి అది నెమ్మదిస్తుంది. రి తలుపు దాని వెంట కిందికి జారుతుంది, ఊరికే ఉన్న స తలుపు మేలుకుని ఊగడం మొదలెడుతుంది. ఇలా దూరంగా తెరుచుకుని ఊగే తలుపు తన సహజ వేగం కన్నా కొంచెం ఎక్కువ వేగంతో ఊగుతుంది. అందుకే జారుడు స దాకా పోదు, ఒక అర్ధస్వరం పైన, 554 దగ్గర ఆగుతుంది. మన కర్ణాటక సంగీతంలో అది శుద్ధ రిషభం. దీన్నే బెండ్ అంటారు. నమ్మకం లేకపోతే పైనున్న మూతలు విప్పి, స్వరం పూర్తిగా వంచాక రి రీడు మీద వేలు పెట్టండి. స్వరం ఆగదు! పలికేది ఎక్కువగా స రీడే మరి.

ఐదో రంధ్రంలో గ, మ పక్కపక్కనే. మధ్యలో చోటు లేదు కాబట్టి అక్కడ ఈ జారుడు దాదాపు లేనట్టే.

ఒక హెచ్చరిక. మన నల్లగొండ దుకాణాల్లో అడిగితే ఎక్కువగా చేతికిచ్చేది 24 రంధ్రాల ట్రెమోలో రకం. అందులో ఒక్కో స్వరానికి రెండు రీడ్లు, కావాలనే కొంచెం తేడాతో శ్రుతి చేస్తారు. 440, 444 కలిసి మోగితే సెకనుకు నాలుగుసార్లు అల వచ్చినట్టుంటుంది. సిగ్నల్ దగ్గర రెండు ఆటోల ఇండికేటర్లు ఒకసారి కలిసి, ఒకసారి విడిపోయి వెలుగుతాయే, అలా. వినడానికి హాయి, కానీ ప్రతి రీడుకూ గది వేరు, ఎదురు తలుపు లేదు. దాంతో వీడియోలు చూసి బెండ్ కోసం బుగ్గలు నొప్పి పుట్టేలా పీల్చినా రాదు. మీ తప్పు కాదు.

మౌత్ ఆర్గాన్ వాయిస్తే టీబీ వస్తుందని మా నాయనమ్మ భయపెట్టేది. టీబీ సూక్ష్మజీవి వల్ల వస్తుంది, వాయిద్యం వల్ల కాదు. ఒకరి పీసు ఇంకొకరు నోట్లో పెట్టుకోకపోవడం మాత్రం మంచిదే. అమెరికాలో కొన్నిచోట్ల ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు శ్వాస సాధనగా దీన్నే నేర్పుతున్నారు. నన్నడిగితే దీనికి అసలు శత్రువు పల్లీలు. పాలమూరు పల్లీలు తిని నోరు పుక్కిలించకుండా వాయిస్తే, పొట్టు చీలికలో ఇరుక్కుని తలుపు నిలిచిపోతుంది. నాకు రెండుసార్లు అయింది.

ఇక అబ్బాయి ప్రశ్న. సరిగమలు నాలుగో రంధ్రం నుంచి మొదలుపెట్టు: ఊదితే స, పీలిస్తే రి, అలా ఆరో రంధ్రంలో ద దాకా. ఏడులో మాత్రం తిరగబడుతుంది, ముందు పీల్చి ని, తర్వాత ఊది స. రెండో రంధ్రంలో ఊదితే గ, పీలిస్తే ప. నువ్వు గోలీసోడాను స్ట్రాతో గుంజినట్టు గుంజుతున్నావు, నాలుక వెనక్కి పోయి తెలియకుండానే స్వరం వంగుతోంది. దవడ వదిలేసి, ఆవలింత వచ్చినట్టు గొంతు తెరిచి, మెల్లగా ఊపిరి తీసుకో. ప పలుకుతుంది.

అయితే ఆ మూలుగు పోకముందు నోరు ఎలా పెట్టావో ఒకసారి గమనించుకో. కింది మూడు రంధ్రాల్లో మామూలుగా ఊదినా పీల్చినా మధ్యమం దొరకదు. రెండు మధ్యమాలూ ఆ రెండో రంధ్రంలోనే, గకూ పకూ నడుమ ఉన్నాయి. మూడు నెలలు పోయాక అక్కడికి మళ్లీ రావాల్సి ఉంటుంది.