బూట్ నాటి నమ్మకం: గెస్ట్‌కు కనిపించే ప్రాసెసర్, గెస్ట్ నమ్ముకునే గడియారం

వర్చువల్ మెషీన్ (గెస్ట్)లో నడిచే కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కీలక భాగం, బూట్ అవుతూనే రెండు విషయాలు ఆరా తీస్తుంది: ప్రాసెసర్‌కు ఏయే సౌకర్యాలున్నాయి, కాలాన్ని కొలవడానికి వాడే దాని టైమ్‌స్టాంప్ కౌంటర్ ఎంత వేగంతో నడుస్తోంది. ఆ జవాబులు ఇక మారవనే నమ్మకంతోనే తర్వాతి పనంతా సాగిస్తుంది. ప్రాసెసర్ సౌకర్యాలేమిటో చెప్పే సీపీయూఐడీ ఇన్‌స్ట్రక్షన్, టైమ్‌స్టాంప్ కౌంటర్ 1993లో పెంటియం వచ్చిన కాలానివి. భౌతిక యంత్రం నడుస్తుండగా దాని ప్రాసెసర్ మారదు గనుక ఆ నమ్మకం అప్పట్లో సబబే. 2003లో వీఎంవేర్ తెచ్చిన విమోషన్ నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ను ఒక హోస్ట్ (దాన్ని మోసే భౌతిక యంత్రం) నుంచి, వేరే ప్రాసెసర్ ఉండగల మరో హోస్ట్‌కు తరలించడంతో చిక్కు మొదలైంది.

వర్చువల్ మెషీన్లకు ప్రాసెసర్‌లోనే ఊతమిస్తూ 2005 చివర్లో వచ్చిన ఇంటెల్ వీటీ-ఎక్స్‌లో గెస్ట్ సీపీయూఐడీని నడిపిన ప్రతిసారీ అదుపు హైపర్‌వైజర్ (హోస్ట్ మీద గెస్ట్‌లను నడిపే సాఫ్ట్‌వేర్) చేతికి వస్తుంది కాబట్టి, ఏ జవాబు ఇవ్వాలో అదే నిర్ణయించుకోవచ్చు. అయితే జవాబులో దాచినంత మాత్రాన సౌకర్యం మూతపడదు. అడగకుండానే కొత్త ఇన్‌స్ట్రక్షన్‌ను వాడే ప్రోగ్రామ్ కొత్త హోస్ట్ మీద చక్కగా నడిచి, పాత హోస్ట్‌కు చేరగానే కూలిపోతుంది. వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్ క్యూఈఎంయూలో పేరున్న సీపీయూ మోడళ్లు గెస్ట్‌కు స్థిరమైన జాబితా చూపడానికి పనికొచ్చాయి గానీ, హార్డ్‌వేరే మాట తప్పిన సందర్భాలూ ఉన్నాయి. 2014లో ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) ద్వారా హాస్వెల్ ప్రాసెసర్లలో టీఎస్‌ఎక్స్ అనే సౌకర్యాన్ని ఆపేయడంతో, అది లేని హాస్వెల్ మోడల్‌ను వేరుగా చేర్చాల్సి వచ్చింది. 2018 జనవరిలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ భద్రతా లోపం బయటపడినప్పుడు కథ తిరగబడింది: రక్షణకు కావలసిన సౌకర్యాలను సూచించే కొత్త సీపీయూఐడీ బిట్లను గెస్ట్‌కు చూపకపోతే దాని కెర్నల్ వాటిని వాడుకోలేదు.

గడియారం గొడవ ఇంకా పాతది. లైనక్స్ 2.6 ఎక్స్86 మీద, కెర్నల్ సమయం లెక్కపెట్టుకునే టైమర్ టిక్కులను సెకనుకు 100 నుంచి 1000కి పెంచింది. సీపీయూ వంతు దొరకక ఆగిన గెస్ట్‌కు ఆ టిక్కులు సకాలంలో అందేవి కావు. బాకీపడిన టిక్కులను హైపర్‌వైజర్ తర్వాత చెల్లించేది; తప్పిపోయిన టిక్కులను కెర్నల్ కూడా సొంతంగా సరిచేసుకుంటే, ఒకే నష్టం రెండుసార్లు భర్తీ అయి గడియారం ముందుకు దూకేది. ఇద్దరూ ఎవరి లెక్క వారు సరిగ్గానే చేశారన్నది ఇందులో తమాషా. 2008లో లైనక్స్ కెర్నల్‌లో చేరిన కేవీఎం (లైనక్స్‌లోని హైపర్‌వైజర్) క్లాక్ ఈ టిక్కుల లెక్కను పక్కన పెట్టింది. ఒకానొక కౌంటర్ విలువ దగ్గర సమయం ఎంతో, కౌంటర్ తేడాను నానోసెకన్లుగా మార్చే గుణకం ఏమిటో హోస్ట్ ఉమ్మడి మెమరీలో రాసి ఉంచుతుంది. కౌంటర్‌ను చదివి మిగతా లెక్క గెస్ట్ కట్టుకుంటుంది. మైగ్రేషన్ (హోస్ట్ మార్పు) తర్వాత హోస్ట్ ఆ అంకెలను మార్చి రాస్తే సరిపోతుంది.

అయినా కౌంటర్‌ను నేరుగా చదివే ప్రోగ్రాములకు ఈ ఏర్పాటు సంగతే తెలియదు. రెండు హోస్ట్‌ల కౌంటర్ విలువలో తేడాను ఆఫ్‌సెట్ (కలిపే అంకె) సర్దుతుంది గానీ వేగంలో తేడాకు స్కేలింగ్ (గుణించి సరిచేయడం) కావాలి. ఇంటెల్ సర్వర్లలో అది స్కైలేక్ తరంతో గానీ సాధారణం కాలేదు. కౌంటర్ వేగం మారదని గెస్ట్‌కు చెప్పే ఇన్వేరియంట్ టీఎస్‌సీ (టైమ్‌స్టాంప్ కౌంటర్) బిట్ సీపీయూఐడీలోనే ఉంటుంది గనుక, రెండు చిక్కులూ అక్కడ కలుస్తాయి. అందుకే ఆ బిట్‌ను చూపిన మెషీన్‌ను తరలించడానికి క్యూఈఎంయూ మొదట్లో ఒప్పుకునేదే కాదు. కౌంటర్ వేగాన్ని ముందే స్పష్టంగా నిర్ణయించి ఇస్తేనే అనుమతించే పద్ధతి తర్వాత వచ్చింది.