లేని జంతువుకీ ఎముకలుండాలి: రాక్షసి మినియేచర్ల మీద అపోహలు – వాస్తవాలు

పక్క వాటాలో ఉండే మామ్మగారు నా బల్ల మీదున్నదాన్ని చూసి, "ఇదేటి బాబూ, బొమ్మల కొలువుకా?" అన్నారు. పీత కాళ్ళు, సొర నోరు, ఒంటినిండా పొలుసులు. దాన్ని కొలువులో పెడితే పేరంటానికి ఎవరూ రారు. గాజువాక కుర్రాడొకడు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, కథ చెప్పుకుంటూ బల్ల మీద ఆడే ఆటలోకి చేయించుకుంటున్న సముద్ర రాక్షసి అది. విశాఖలో ఇలాంటి మినియేచర్లు, అంటే చిట్టి బొమ్మలు, చేత్తో చేస్తూ నేను ఎక్కువగా విన్న మాటలు కొన్ని చెబుతాను.

అపోహ: రాక్షసిని ఎవరూ చూడలేదు కదా, ఎలా చేసినా చెల్లుతుంది.

చెల్లదు. గుర్రం కాలు కాస్త వంకరపోయినా అది గుర్రమేనని పోల్చుకుంటాం. రాక్షసికి ఆ వెసులుబాటు లేదు. ఆ కాలు ఆ ఒంటి బరువు మోస్తుందని చూసేవాడి కన్ను నమ్మకపోతే అది పిండిముద్దే. గుడి స్తంభాల మీద యాళిని చూడండి. సింహం ఒళ్ళు, ఏనుగు తొండం, అయినా అతుకెక్కడో వెతికినా దొరకదు. నాలుగు కాళ్ళ డ్రాగన్‌కి రెక్కలు పెట్టాలన్నా అంతే. ముందు కాళ్ళ వెనకాల రెండో జత భుజాలుండాలి, రెక్కల్ని లాగే కండ కనబడాలి.

అందుకే నేను పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి పోతాను, కొనేది తక్కువ, చూసేది ఎక్కువ. సొర చర్మాన్ని తల నుంచి తోకకి నిమిరితే నున్నగా ఉంటుంది, ఎదురు నిమిరితే గరుకు కాగితమే. పీత కాలు ఒక్కో కీలు దగ్గర ఒక్కో దిక్కుకి మడత పడుతుందని మాత్రం నాకు తెలిసింది పులుసు కంచంలో. అన్నం చల్లారిపోతుంటే ఆ కాలు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

పొలుసులు అతికించడం పెంకుటిల్లు కప్పడం లాంటిదే. పెంకులు చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోతారు కదా, పొలుసులూ తోక దగ్గర మొదలుపెట్టి తల వైపుకి పోవాలి. అప్పుడే ప్రతి వరసా అంతకుముందు అతికించిన వరస మీద వాలుతుంది. తల దగ్గర మొదలుపెట్టానా, కొత్త వరసను పాతదాని కిందికి దూర్చలేక చచ్చేచావు. మొదటి బొమ్మకి అలాగే చేసి, రాత్రి పదకొండింటికి మొత్తం గీకేశాను.

అపోహ: దిగుమతి సరుకు లేకపోతే ఈ పని కాదు.

అస్థిపంజరానికి తీగ, పొట్ట నింపడానికి వంటింటి ఫాయిల్, దాని మీద హార్డ్‌వేర్ కొట్లో దొరికే ఎం-సీల్. అది త్వరగా బిగుస్తుంది, సన్న గీతలు నిలవవు, లోపలి ఒంటికి మాత్రం బాగా పనికొస్తుంది. పైచర్మానికే గ్రీన్ స్టఫ్ అనే పుట్టీ వాడతాను. నీలం, పసుపు పట్టీలు కలిపి పిసికితే ఆకుపచ్చ పుట్టీ అవుతుంది. రెండూ ఆనుకున్న చోట ముందే గట్టిపడి ఉంటుంది, ఆ సన్న గీతను కోసి పారేయకపోతే చర్మమంతా పలుకులు తేలతాయి. మన ఎండాకాలంలో ఇది ఇంకా తొందరగా బిగుస్తుంది, కలిపిన ముద్దలో సగం ఫ్రీజర్‌లో పెట్టుకోండి. పచ్చి పుట్టీ కొందరి చర్మానికి పడదు, గ్లవ్స్ తప్పనిసరి.

అపోహ: సన్న పనికి సన్న బ్రష్.

నంబరులో సున్నాలెక్కువున్న, అంటే మరీ సన్నటి, బ్రష్ మీద రంగు బొమ్మను చేరేలోపే ఎండిపోతుంది, ఫ్యాన్ కింద అయితే మరీను. మొన బాగున్న ఒకటో నంబరు చాలు. రంగు నీళ్ళతో పల్చన చేసి రెండు పూతలు వేయండి. చిక్కగా ఒకే పూత వేస్తే అంత కష్టపడి తీర్చిన పొలుసులన్నీ పూడిపోతాయి.

అపోహ: స్ప్రే ఎప్పుడు కొట్టినా ఒకటే.

సముద్రం పక్కన ఒకటి కాదు. ఒక వానాకాలం సాయంత్రం మేడ మీద మ్యాట్ వార్నిష్ కొట్టాను, గాలిలో తేమకి నల్లటి వీపంతా బూజు పట్టినట్టు తెల్లబడింది. మెరుపు వార్నిష్ పల్చగా పూస్తే నలుపు తిరిగొచ్చింది, నా ప్రాణమూ తిరిగొచ్చింది. ఇప్పుడు ప్రైమర్, అంటే రంగులకి ముందు వేసే నల్ల పూత, కూడా బ్రష్‌తోనే పూస్తాను. నలుపు ఆరాక, దాదాపు తుడిచేసిన బ్రష్‌తో తెలుపును పైనుంచి ఆనిస్తే, వెలుగెక్కడ పడుతుందో, నీడెక్కడ నిలుస్తుందో బొమ్మ మీదే కనబడుతుంది.

అపోహ: త్రీడీ ప్రింటర్లొచ్చాయి, ఇంక చేత్తో ఎందుకు?

ప్రింటర్‌కి ఇచ్చే రూపాన్ని కూడా ఎవరో ఒకరు చెక్కాల్సిందే, మట్టిలో కాకపోతే తెర మీద.

అపోహ: అరచేతిలో పట్టే బొమ్మకి అంత రేటా?

28 మిల్లీమీటర్ల స్కేల్లో మనిషి బొమ్మ పాదం నుంచి కంటి దాకా సుమారు అంతే ఉంటుంది. ఈ రాక్షసి దానికి మూడింతలు. ఒక పక్క చేశాక అది గట్టిపడేదాకా రెండో పక్క ముట్టుకోకూడదు, లేదంటే వేలిముద్రలే మిగులుతాయి. అలా ఎన్ని రాత్రులు ఆగాలో లెక్కేసుకోండి.

ఇవన్నీ గాజువాక కుర్రాడికి చెప్పలేదు. బొమ్మ చేతిలో పెట్టగానే వాడు చేసిన మొదటి పని, పీత కాలు పట్టుకుని మడత పెట్టబోవడం. కదిలేదే అనుకున్నాడట. లోపల తీగ ఉంది కాబట్టి సరిపోయింది.