లైసెన్స్ రికార్డు: మా యార్డులో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

గాజువాక దగ్గర లారీ యార్డులో డ్రైవర్లను పనిలోకి తీసుకునే బాధ్యత నాది. స్టీల్ ప్లాంట్ లోడైనా, పోర్టు లోడైనా, కొత్త డ్రైవర్‌కి తాళం ఇచ్చే ముందు రెండే అడుగుతాను: లైసెన్స్ నంబరు, దాని మీదున్న పుట్టిన తేదీ. వాటితో ముందు రవాణా శాఖ సైట్‌లో లైసెన్స్ రికార్డు చూసి, కార్డు తర్వాత చూస్తాను. తమని నమ్మలేదని దీనికి అలిగి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు.

అపోహ: కార్డు చేతిలో ఉంది, గడువు దాటలేదు. ఇంక రికార్డు చూడటం ఎందుకు?

ఆమధ్య పలాస నుంచి ఒకాయన వచ్చాడు. మంచి చెయ్యి. ట్రైలర్‌ని రివర్స్‌లో ఒక్క తిప్పుకి రెండు లారీల మధ్య పెట్టేశాడు. రికార్డు చూస్తానంటే, "కార్డు సేతిలో ఉండగా కంప్యూటరేటి సెప్తాది బాబూ?" అని నవ్వాడు. 2031 అని ఉన్నచోట బొటనవేలు పెట్టి చూపించాడు. అది నాన్ ట్రాన్స్‌పోర్ట్ గడువు, అంటే సొంత బైకు, కారు నడుపుకోవడానికి. ట్రాన్స్‌పోర్ట్ గడువు వేరే వరసలో ఉంటుంది. సైట్‌లో చూస్తే అది రెండు నెలల కిందటే అయిపోయింది. కార్డు మీదా ఆ తేదీ ఉంది, సరిగ్గా ఆయన బొటనవేలి కింద.

ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌ని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. పెట్రోలు, గ్యాసు లాంటి ప్రమాదకర సరుకు తోలేవాళ్లకైతే మూడేళ్లకే. మెడికల్ సర్టిఫికెట్, అంటే ఫారం 1ఎ, తప్పనిసరి. "గడువైపోయినా నెల్లాళ్లు నడపొచ్చు" అనేది పాత మాట. ఆ 30 రోజుల వెసులుబాటుని 2019 సవరణ చట్టంలో తీసేశారు. రెన్యువల్‌కి గడువుకి ఏడాది ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు దాటాక ఏడాది కూడా గడిచిపోతే మళ్లీ టెస్టుకి వెళ్లి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నడిపి చూపించాల్సిందే.

చూసుకోవడానికి ఏజెంటు అక్కర్లేదు. కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైట్‌లో లైసెన్స్ వివరాల పేజీ తెరిచి నంబరు, పుట్టిన తేదీ కొడితే చాలు. లైసెన్స్ యాక్టివ్‌గా ఉందా లేదా, మొదట ఏ ఆఫీసు ఇచ్చింది, ఏయే తరగతుల బండ్లు నడపొచ్చు, రెండు గడువులూ విడివిడిగా, అన్నీ అక్కడే ఉంటాయి.

అపోహ: సైట్‌లో రాలేదంటే లైసెన్స్ దొంగది.

తొందరపడకండి. ముందు పుట్టిన తేదీ సంగతి తేల్చండి. లైసెన్స్ మీద ఒక తేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ ఉన్న డ్రైవర్లు నాకు నెలకి ఇద్దరైనా తగులుతారు. లైసెన్స్ మీదున్న తేదీయే కొట్టాలి. అయినా రాకపోతే, అది పుస్తకం రోజుల నాటి లైసెన్సేమో అడగండి. కంప్యూటర్లోకి ఎక్కని పాతవాటికి బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించుకోవాలి. దానికి ఒరిజినల్ పట్టుకుని ముందు ఆ లైసెన్స్ ఇచ్చిన ఆఫీసునే అడగాలి. శ్రీకాకుళంలో తీసుకున్న లైసెన్స్‌కి మాధవధారలోని విశాఖ ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరిగితే పెట్రోలు ఖర్చే మిగులుతుంది.

ఇక అసలు దొంగ లైసెన్స్ అంటారా, నంబరు నిజమైనదే ఉంటుంది, మనిషే వేరు. అందుకే డ్రైవర్‌ని నా ఎదురుగానే డిజిలాకర్ తెరవమంటాను. స్క్రీన్‌షాట్ ఒప్పుకోను.

అపోహ: ఫోన్‌లో చూపించే లైసెన్స్ చెల్లదు.

చెల్లుతుంది. డిజిలాకర్‌లో, ఎంపరివాహన్ యాప్‌లో ఉన్నవాటిని ఒరిజినల్‌తో సమానంగా చూడాలని కేంద్రం 2018 ఆగస్టులోనే రాష్ట్రాలకి చెప్పింది. జిరాక్స్ కాగితానికి మాత్రం ఆ విలువ లేదు.

అపోహ: రికార్డులో "ఎండార్స్‌డ్" అని ఉంది, నా మీద కేసు పడిపోయింది.

ఈ టెన్షన్‌తో రాత్రి పదకొండుకి ఫోన్ చేసినవాళ్లున్నారు. ఆ పేజీలో "లాస్ట్ ఎండార్స్‌డ్" అనే తేదీ మీ రెన్యువలో, అడ్రస్ మార్పో చివరిసారి జరిగిన రోజు, అంతే. కోర్టుగానీ ఆర్టీఓగానీ లైసెన్స్ మీద అనర్హత విధించినప్పుడు చట్టప్రకారం వేసే ఎండార్స్‌మెంట్, అంటే ఆ అనర్హత సంగతి లైసెన్స్‌లో రాయడం, వేరు. అది డూప్లికేట్ కార్డు తీసుకుంటే పోయేది కాదు. కాకపోతే వరసగా మూడేళ్లు ఇంకో ఎండార్స్‌మెంట్ పడకుండా ఉంటే, ఆ మచ్చ లేని లైసెన్స్‌కి దరఖాస్తు పెట్టుకునే హక్కు మోటారు వాహనాల చట్టమే ఇచ్చింది. కేవలం అతివేగం కేసైతే ఏడాది చాలు. అనర్హతలో ఉన్న రోజులు ఈ లెక్కలోకి రావు. డ్రైవర్లలో ఇది తెలిసినవాళ్లు నాకింతవరకు ఇద్దరు ముగ్గురే కనిపించారు.

అపోహ: లైసెన్స్ పేజీ శుభ్రంగా ఉంటే చలాన్లు లేనట్టే.

కెమెరా చూసేది బండి నంబరు ప్లేటుని. దాంతో పడిన చలానా బండి మీద, అంటే ఆర్‌సీలో పేరున్న మనిషి మీద ఉంటుంది. నా పాత స్కూటర్ అమ్మేశాక కొన్నాయన పేరు మార్పించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు. బీచ్ రోడ్డులో హెల్మెట్ లేకుండా ఆయన తిరిగితే మెసేజ్‌లు నా ఫోన్‌కి వచ్చేవి. అమ్మినప్పుడు ఫారం 29, అంటే బండి అమ్మినట్టు తెలిపే కాగితం, ఇచ్చి ఊరుకోకుండా ఆర్‌సీలో పేరు మారిందో లేదో చూసుకోవాలి. చలాన్ల కోసం ఆంధ్రా పోలీసుల ఈ-చలాన్ సైట్, పరివాహన్ ఈ-చలాన్ సైట్ రెండూ తెరవండి. ఒకదాంట్లో లేదని రెండోది వదిలేయొద్దు.

అపోహ: విదేశాలకి వెళ్లేవాళ్లకి కార్డు జిరాక్స్ సరిపోతుంది.

మన యజమాని గారబ్బాయి కెనడా వెళ్లినప్పుడు తెలిసింది. ఒంటారియోలో ఏడాదికి మించిన అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవాలంటే, లైసెన్స్ ఇచ్చిన అధికారి నుంచో మన కాన్సులేట్ నుంచో లేఖ కావాలి. మన దగ్గర ఇలాంటి అవసరాలకి పనికొచ్చేది డీఎల్ ఎక్స్‌ట్రాక్ట్, అంటే మన లైసెన్స్ రికార్డు వివరాలతో ఆఫీసు ఇచ్చే పత్రం. పరివాహన్‌లో లైసెన్స్ సేవల విభాగమైన సారథిలో రాష్ట్రం ఎంచుకుని, డ్రైవింగ్ లైసెన్స్ సేవల్లో దానికి దరఖాస్తు పెట్టి ఫీజు కట్టాలి. ఎక్కువమందికి పేచీ వచ్చేది ఇంటిపేరు దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, లైసెన్స్‌లో ఒక్క పొడి అక్షరం ఉంటుంది. పేరు సవరణ సారథిలో వేరే దరఖాస్తు. ఎక్స్‌ట్రాక్ట్ కన్నా ముందు దాన్ని పెట్టండి.