డాకర్‌లో దుకాణం: అపోహలు - వాస్తవాలు

బరంపురంలో పట్టుచీరలు, అప్పడాలు, పచ్చళ్లు అమ్మేవాళ్లకు ఆన్‌లైన్ దుకాణాలు పెట్టిస్తుంటాను. సైటుకు కావలసిన సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్లనే విడివిడి పెట్టెల్లో నడిపే పనిముట్టు డాకర్. దాని మాటెత్తితే వ్యాపారుల దగ్గరా, మా కుర్రాళ్ల దగ్గరా తరచూ వినే అపోహలు ఇవి.

అపోహ: కంటైనర్ అంటే చిన్న సైజు వర్చువల్ మెషీన్.
కాదు. వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్‌లో నడిచే ఇంకో పూర్తి కంప్యూటర్ లాంటిది, దానికి సొంత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఉంటుంది. కంటైనర్లన్నీ సర్వర్‌లో ఉన్న లినక్స్ కెర్నల్‌నే వాడుకుంటాయి. అందుకే చటుక్కున లేస్తాయి.

అపోహ: కంటైనర్‌లో పెట్టాం కదా, డేటా భద్రం.
ఇది నాకు గట్టిగా తగిలిన దెబ్బ. కంటైనర్‌ను పారేసి కొత్తది లేపడం రోజూ జరిగే పనే. యజమాని ఎక్కించిన చీరల ఫొటోలు వాల్యూమ్‌లో (కంటైనర్ పోయినా మిగిలే, దాని బయటి నిల్వ చోటు) కాకుండా యాప్ కంటైనర్ లోపలే పడుతుంటే, తర్వాతి అప్‌డేట్‌తో అవీ పోతాయి.

సరే, వాల్యూమ్ పెట్టారు. అయినా నాలాంటివాడు ఒకడుంటాడు. దసరా ముందు, టెస్ట్ సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లో ‘డాకర్ కంపోజ్ డౌన్’ (కంటైనర్లను ఆపి తీసేసే ఆదేశం) పక్కన ‘మైనస్ వి’ కొట్టాను. వాల్యూమ్‌లు కూడా తీసెయ్యమని దానర్థం. ‘నిజంగానేనా?’ అని అది అడగను కూడా అడగదు. మళ్లీ అప్ చేస్తే సైటు చక్కగా లేచింది, ఆర్డర్ల టేబుల్ మాత్రం ఖాళీ. కాసేపటికే షాపు యజమాని ఫోను: “బాబూ, పొద్దున పర్లాకిమిడి ఆర్డరు చూశాను, ఇప్పుడు లేదేంటి?” ముందురోజు బ్యాకప్ ఉంది కాబట్టి బతికాను. ఆ రోజువి మాత్రం ఆయనకొచ్చిన మెయిళ్లు ఒక్కొక్కటే తెరిచి చదువుతుంటే, నేను చేత్తో ఎక్కించాను. ఇప్పుడు రోజూ రాత్రి డేటాబేస్ డంప్ (మొత్తం నకలు) తీసి వేరే మెషీన్‌కు పంపుతున్నాను. నెలకోసారి దాన్ని ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి చూస్తాను కూడా.

అపోహ: ఫైర్‌వాల్ ఉండగా టెన్షన్ ఎందుకు?
ఉబుంటు లినక్స్‌లో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్‌తో 3306 పోర్టు (మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోకి వచ్చే ద్వారం) మూసేశామని ధీమాగా ఉంటారు. కానీ పోర్టును పబ్లిష్ చేస్తే (బయటికి తెరిస్తే) డాకర్ ఐపీటేబుల్స్‌లో (లినక్స్‌లో ట్రాఫిక్‌ను వడగట్టే రూల్స్ పట్టికలు) తన సొంత రూల్స్ రాసుకుంటుంది. ఆ ట్రాఫిక్ యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్ దాకా రాదు, డేటాబేస్ ఊరందరికీ తెరిచి ఉంటుంది. కంపోజ్ ఫైల్లో (ఏ కంటైనర్ ఎలా నడవాలో రాసే ఫైలు) డేటాబేస్ కింద ‘పోర్ట్స్’ వరసే తీసేయండి. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న కంటైనర్లు సర్వీసు పేరుతోనే మాట్లాడుకుంటాయి. సర్వర్‌లోంచి మీరే చూసుకోవాలంటే పోర్టును 127.0.0.1కి (ఆ సర్వర్ లోపలికే పరిమితమైన చిరునామా) మాత్రం కట్టండి.

అపోహ: కుబర్నెటిస్ (చాలా సర్వర్ల మీద కంటైనర్లను నడిపించే వ్యవస్థ) లేనిదే పని కాదు.
రోజుకు వంద ఆర్డర్ల షాపుకా? ఒక సర్వరు, ఒక కంపోజ్ ఫైలు చాలు.

అపోహ: తేదీలు తప్పుతున్నాయంటే సైట్‌లో వైరస్ దూరినట్టే.
ఒక అప్పడాల షాపు అమ్మగారి అనుమానం ఇది. అర్ధరాత్రి దాటాక వచ్చిన ఆర్డర్లు నిన్నటి లెక్కలో పడుతున్నాయట. మామూలుగా కంటైనర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) నడుస్తుంది, మన టైము దానికి 5:30 గంటలు ముందు. అంటే తెల్లవారి అయిదున్నర దాకా దానికింకా నిన్నే. డేటాబేస్‌లో యూటీసీనే ఉంచి, తెర మీద చూపేటప్పుడూ రోజువారీ లెక్క తీసేటప్పుడూ మన టైముకు మార్చాను. ఆ పూటే ఆవిడ చిట్టా పుస్తకం తీసి మూడు రోజుల లెక్కలు సరిచూసుకున్నారు.